నానని నువ్వుగింజ

ఆ కాలానికి పెళ్ళిభోజనాల్లో కూడా అప్పడాన్ని పప్పుచారులో నానబెట్టి గానీ వడ్డించేవారు కాదు. మూడు తరాలు పుల్లటి సోడాలు తాగీ తాగీ జనం పళ్ళమీది పింగాణి, అదే ఎనామిల్ పొర, కరిగిపోయింది మరి.

దాన్ని మళ్ళీ మొలిపించాలని వరంగల్ ప్రయోగశాలలో పట్టుబట్టి కూర్చుంది వకుళ. పింగాణి అంటే ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. నూటికి తొంభైఆరు పాళ్ళు కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికాలే. అవి కట్టలుగా చేరి, వెంట్రుకకన్నా సన్నని కడ్డీలై, చాప అల్లినట్టు ఒకదానిమీదొకటి ఒరిగి ఉంటాయి. వాటిని నేసే కణాలు మాత్రం పన్ను చిగుళ్ళు దాటకముందే చచ్చిపోతాయి, బట్ట నేసి మగ్గం విరగ్గొట్టుకుని పోయిన నేతగాళ్ళలాగా.

వకుళ కనిపెట్టిన బీజం నువ్వుగింజంత. నాలుక కింద పెట్టుకుంటే ఉమ్మిలో నాని కొత్త కడ్డీలు నేస్తుంది. కానీ పొద్దుపొడిచింది మొదలు పొద్దుగూకేదాకా నోరు తెరవకూడదు. నాలుక కదిలిందా, నేసిందంతా సుద్దపొడై రాలిపోతుంది.

గాజుపాత్రలో పళ్ళన్నీ బాగుపడ్డాయి. చిక్కంతా మనుషులతోనే. మౌనవ్రతాలు పట్టే ఆసామి ఒకాయన మధ్యాహ్నందాకా బిగబట్టి, నొప్పిగా ఉందా అని నర్సు అడగ్గానే "అబ్బే" అన్నాడు. ఒక పంతులమ్మ పక్కగదిలో ఎవరో ఎక్కం తప్పు చదివితే దిద్దింది. చచ్చేలోగా ఒక్క నువ్వుల సకినం కరకరా నమలాలని ఆశపడ్డ వకుళ మేనత్త పేరిందేవి అయితే పొద్దెక్కకముందే మాటలు మొదలుపెట్టింది.

"నా నోట్ల నువ్వుగింజ నానదని మా అత్త ఎన్నడో చెప్పింది బిడ్డా. జర పెద్ద గింజ చెయ్యరాదు?"

వకుళకు తల బాదుకోవాలనిపించింది. నేతను గమనించే యంత్రం పేరు మగ్గం. నువ్వుగింజ ఎందుకు నానదని అది అడిగితే, అదో పాత సామెతలే, వాగుడుకాయల గురించి, అని విసుక్కుంది.

ఒక్క మనిషి నోట్లోనైనా నిలవకపోతే ప్రయోగశాల మూసేస్తామని దాన్ని నడిపే సంఘం కబురంపింది. ఇక లాభం లేదని బీజాన్ని వకుళే నాలుక కింద పెట్టుకుంది. అత్త గిల్లికజ్జాలు పెట్టుకున్నా పలకలేదు. కాఫీ ఒలికి చెయ్యి కాలినా మూలగలేదు.

సాయంత్రం సంఘం అధ్యక్షుడు పట్టాభి విలేకరులను వెంటేసుకొచ్చాడు. మగ్గం తెరమీద కడ్డీలు ముత్యాల్లా మెరుస్తున్నాయి. ఇంకొక్క వరస మిగిలింది. కిటికీలో సూర్యుడు సగం మునిగాడు.

పట్టాభి గొంతు సవరించుకున్నాడు. "ఈ ఆలోచన మొదట తట్టింది నాకే. ఈ అమ్మాయి చేత చేయించానంతే."

పేరిందేవి గబుక్కున వచ్చి మేనకోడలి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. అందలేదు.

"కాదు. అది నాది," అంది వకుళ.

పెదవిమీద తెల్లటి పొడి రాలింది.

"సామెత అర్థమైంది," అంది మగ్గం.

విలేకరులు వెళ్ళిపోయారు, దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. పేరిందేవి పాలగిన్నెలో మెత్తబడ్డ సకినాన్ని మేనకోడలి ముందుకు జరిపింది.

"తిను బిడ్డా. దీంట్ల నువ్వులు మంచిగనే నానినయ్."