పాల మీద నింద

పొద్దున్నే పాలు పోయడానికి వచ్చిన అండాలును అజీజా బేగం గుమ్మంలోనే ఆపేసింది. ఇకనుంచి పాలు వద్దంది. మనవడు అఖీల్ నల్లగొండ దవాఖానలో ఉన్నాడని, పాలు పడకే కడుపు పాడైందని డాక్టరుకు చెప్పామని ముఖం తిప్పుకునే అంది. అండాలు పాల క్యాను ఎత్తుకుని వెనుదిరిగింది. నార్కట్‌పల్లిలోని ఆ గల్లీలో ఆ మాట పాకి మధ్యాహ్నానికల్లా మిగతా ఇళ్లవాళ్లు కూడా ఆమె పాలు మానేశారు.

నిజమేమిటో అజీజాకు తెలుసు. కొడుకు ఇద్రీస్ సౌదీలో మేకల ఫారంలో పనిచేస్తాడు. సెలవు మీద వస్తూ, అక్కడ పచ్చిపాలతో తాను చేసిన చీజ్ ముద్దలు బట్టల్లో చుట్టి, విమానాశ్రయంలో ఎవరి కంటా పడకుండా తెచ్చాడు. అనుమతి లేకుండా తేకూడదని తెలిసినా, తన చేతి పని అమ్మకు రుచి చూపించాలని అతని ఆశ. అఖీల్ దాన్ని రొట్టెలో పెట్టుకుని ఇష్టంగా తిన్నాడు. ఆ తరువాతే విరేచనాలు, జ్వరం మొదలయ్యాయి. మందులు మార్చినా తగ్గలేదు. ఏం తిన్నాడని డాక్టరు అడిగినప్పుడు, కొడుకు మీద కేసవుతుందేమోనని భయపడి అజీజాయే పాల మాట ఎత్తింది. ఇద్రీస్ తల వంచుకున్నాడు. కోడలు జేబా కూడా భర్త బతిమాలితే నోరు మెదపలేదు.

ఆ మధ్యాహ్నం అజీజా దవాఖానకు చేరేసరికి పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరు ముగ్గురినీ వరండాలోకి పిలిచాడు. అఖీల్ కడుపులో ఉన్నది మామూలు మందులకు లొంగని మొండి క్రిమి అన్నాడు. పశువులకు అదేపనిగా యాంటీబయాటిక్స్ ఇచ్చేచోట అలాంటివి పుడతాయని, పచ్చిపాల ద్వారా, మాంసం ద్వారా మనుషులకు వస్తాయని వివరించాడు. దానిమీద పనిచేసే ఇంజెక్షన్ దొరికిందని ధైర్యం చెప్పాడు.

"కాచిన పాలతోని గిట్ల కాదమ్మా. బాబు ఇంకేం తిన్నడో యాది చేసుకోండ్రి. అదే ఇంకెవరన్న తింటే వాళ్లకూ ప్రమాదమే. కడుపుతో ఉన్నోళ్లకైతే మరీ."

డాక్టరు వెళ్లగానే జేబా అత్త వైపు తిరిగింది. "అమ్మీ, అండాలమ్మ పాలు నేను గూడ తాగిన. నాకేం గాలే. నా కొడుకు గట్ల పండి ఉంటే, ఇంక నేను అబద్ధం మోయలేను."

ఊరుకొమ్మని, కొలువు పోతుందని ఇద్రీస్ గొణిగాడు.

"పోతే పోనీ. కలిసుండి గంజి తాగుదాం."

అజీజా వాళ్ల మాటలు వినడం లేదు. అండాలు కోడలు నవనీతకు నెలలు నిండుతున్నాయి. నోటికి పుల్లగా హితవుగా ఉంటుందని, ఇద్రీస్ వచ్చిన రోజే ఒక చీజ్ ముద్ద తానే గిన్నెలో పెట్టి పంపింది. ఫోన్ చేస్తే అండాలు ఎత్తలేదు. డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పమని కొడుకును లోపలికి పంపి, ఆమె ఆటో ఎక్కింది.

అండాలు కొట్టంలో బర్రెకు గడ్డి వేస్తోంది. అజీజా రొప్పుతూ వచ్చి, నవనీత ఆ చీజ్ తిన్నదా అని అడిగింది.

"లేదక్కా. వాసన పడలే. పోరడు దవాఖాన నుంచి వస్తే ఇద్దామని ఫ్రిజ్‌ల దాసిన."

అజీజా అక్కడే గడ్డి మోపు మీద కూర్చుంది. ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది. అండాలు మిగిలిన గడ్డి బర్రె ముందు వేసి ఇటు తిరిగింది.

"పాలు వద్దన్నందుకు కాదక్కా నా బాధ. ఇన్నేండ్ల సంది నీ ఇంట్ల మనిషి లెక్కనే తిరిగిన. నన్నొక మాట అడగకపోతివి."

అజీజా ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. తరువాత లేచి గల్లీలోకి నడిచింది. ఇంటింటి ముందూ ఆగి, అండాలు పాలలో ఏ దోషమూ లేదని, తన కొడుకు దొంగతనంగా తెచ్చిన తిండి వల్లే పిల్లవాడు పడిపోయాడని, నింద వేసింది తానేనని చెప్పింది. కొందరు జాలిగా చూశారు. ఒకామె తలుపు వేసుకుంది. చివరి ఇంటి తలుపు తట్టబోయి అజీజా చెయ్యి దించేసుకుంది.

వెనకనుంచి ఒక చెయ్యి ఆమె భుజం మీద పడింది. ఆ చీజ్ ముద్దను డాక్టరుకు చూపించడానికి కవర్లో గట్టిగా మూటగట్టుకుని అండాలు నిలబడి ఉంది.

"ఇగ చాలు, నడువక్కా," అంది. "పోరడు లేస్తే నిన్నే అడుగుతడు. నేను గూడ వస్త."