మేనత్త రెండు ఓడల్లో వస్తోంది

“ఈ ఏడు నీలిమందుకి రంగు బాగా దిగిందా?”

“వానలు ముదిరాయి దొరసానీ. రంగు పల్చబడింది.”

కోడ్ కలిసింది. మదామ్ వరెన్ టోపీల దుకాణం తలుపుకి గడియ వేసింది. వెంబర్లీ గారి భార్య టోపీకి రిబ్బను మార్చాలన్న వంకతో వచ్చిన మింబా బుట్ట కింద పెట్టి నిలబడింది. బానిసకి ఆ దుకాణంలో కుర్చీ ఉండదు, గూఢచారి అయినా సరే.

1781, చార్లెస్ టౌన్. ఊరు ఇంగ్లీషు సైన్యం చేతిలో ఉంది. ఊరి బయటి బురద అడవుల్లో తిరుగుబాటుదార్లు కాచుకుని ఉన్నారు. వాళ్ళ మేజర్ దగ్గర మింబా పేరు ‘సూది’. వరెన్ పేరు ‘ఈక’. పట్టుపరికిణీ సర్దుకుంటూ నడిచి వస్తే కమాండెంట్ దొర కూడా కుర్చీలోంచి లేచే మనిషి ఆమె. ఇటు కబుర్లు అటు, అటు కబుర్లు ఇటు మోసేందుకు అంతకంటే అర్హత ఏం కావాలి?

“మిషన్ ఒక్క ముక్కలో చెబుతాను,” అంది వరెన్. “రేపు పొద్దున ‘అమిటీ’ ఓడలో మీ అయ్యగారు న్యూయార్క్‌లో ఉన్న చెల్లెలికి ఉత్తరం పంపుతున్నాడు. అది అక్కడికి చేరకూడదు. నాకు తెచ్చి ఇవ్వు.”

“ఏముంది అందులో?”

“మేనత్త గారి కీళ్ళనొప్పులు.” వరెన్ నవ్వింది. “మేనత్తంటే ఫ్రెంచివాళ్ళు పంపుతున్న తుపాకిమందు. ఆల్చిప్పల పాయలో దిగబోతోంది. దాన్ని ఒడ్డుకి చేర్చే పడవ నడిపేది ఎవరో నీకు వేరే చెప్పాలా?”

అక్కర్లేదు. కుజో, మింబా మొగుడు. పగలు వెంబర్లీ గారి సరుకు పడవ, అవసరమైతే తిరుగుబాటుదార్ల పడవ.

“అయ్యగారు ఏ ఉత్తరమైనా రెండు ఓడల్లో రెండు ప్రతులు పంపుతారు కదా. రెండో ప్రతి సంగతేంటి?”

“అది సరుకు ఉత్తరాలకే. ఇంటి కబుర్లకి నకలెందుకు? కీళ్ళనొప్పి కూడా రెండుసార్లు రాస్తారా ఎవరైనా?”

మింబా నమ్మింది. పదకొండేళ్ళుగా ఆ ఇంటి ఉత్తరాలు చూస్తూ కూడా నమ్మింది. తర్వాత ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా తన చెంప తనే వాయించుకోవాలనిపించేది.

*

ఎలియాస్ వెంబర్లీకి వరి పొలాలు, నీలిమందు తోటలు, రేవులో గిడ్డంగి, ఉత్తరాల పిచ్చి ఉన్నాయి. ఓడ మునగొచ్చు, దొంగలు దోచొచ్చు, శత్రువు పట్టుకోవచ్చు. అందుకని ప్రతి ఉత్తరానికీ రెండు ప్రతులు. రెండోది ఏ ఓడలో వస్తోందో మొదటిదాని నెత్తిన రాస్తాడు. గుమాస్తా దాన్ని పెద్ద పుస్తకంలోకి కూడా ఎత్తుతాడు. నీళ్ళు తగలకుండా మైనపుగుడ్డలో పెట్టి కుట్టేది మింబా. యుద్ధం మొదలయ్యాక కట్టలో సీసపు ముక్క కూడా పెట్టి కుట్టాలి. శత్రువు ఓడ కనిపిస్తే కెప్టెన్ ఆ కట్టని సముద్రంలోకి గిరాటేస్తాడు.

బానిసకి రాత నేర్పితే జరిమానా. మింబా తనంతట తనే నేర్చుకుంది కాబట్టి జరిమానా ఎవరికి వెయ్యాలో చట్టానికి తెలియదు. దుమ్ము దులుపుతూ దులుపుతూ ఉత్తరాల పుస్తకంలోంచే ఒక్కో అక్షరం ఏరుకుంది. పూర్తిగా అర్థమైన మొదటి వాక్యం వెంబర్లీ పదకొండేళ్ళ కిందట మరదలికి రాసింది: ‘నువ్వడిగిన జున్ను దొరకలేదు, దాని బదులు ఒక మంచి కుట్టుపని పిల్లను కొన్నాను, దీని తల్లిని వేరేగా అమ్మేశారట.’

తల్లి ఎక్కడికి పోయిందో వెతుకుతూ ఆ పుస్తకమంతా చదివింది. ఆ జున్ను సంగతి ఇంకో మూడు ఉత్తరాల్లో ఉంది. తల్లి సంగతి మళ్ళీ ఎక్కడా లేదు. ఆ రోజు నుంచి మింబా కోపం చల్లారలేదు, చల్లారాలని ఆమె కోరుకోనూ లేదు.

*

‘అమిటీ’ ఉత్తరం మార్చడం చిటికెలో పని. కుట్టే వేళకి మైనపుగుడ్డలో క్విన్స్‌పండ్ల మురబ్బా చేసే విధానం ఉన్న పాత ఉత్తరం పడింది, అసలుది మింబా రవికెలో పడింది. ఓడ తెరచాప ఎత్తింది. దుప్పట్ల గదిలో తలుపు చేరవేసుకుని ఉత్తరం విప్పింది.

‘ప్రియమైన ప్రిసిల్లా, మేనత్త ఈ నెల 18న ఆల్చిప్పల పాయకి వస్తుందని టోపీల దొరసాని వల్ల తెలిసింది. ఇక్కడి కమాండెంట్‌కి నేను చెప్పలేదు. చెబితే పట్టుకున్న సరుకు పంపకాలు ఆయన ఇంట్లోనే అయిపోతాయి. మీ ఆయన్ని తన ఓడ తీసుకుని రమ్మను. మన కుటుంబం మేనత్తని మనమే చూసుకుందాం. పడవ నడిపేది మన కుజోయే. వాణ్ణి అక్కడే తెరచాప కొయ్యకి ఉరి తీయమను, వాడి నష్టం నేను భరిస్తాను.’

కుజో ప్రాణం పోతే నష్టం వెంబర్లీకట. మింబా ఆ వాక్యం రెండుసార్లు చదివింది.

అప్పుడు ఉత్తరం నెత్తిన ఉన్న చిన్న అక్షరాలు చూసింది. ‘రెండో ప్రతి “డవ్” ఓడలో.’

అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. కబురు వెంబర్లీకి అమ్మింది వరెన్. ఇప్పుడు ఆ ఉత్తరాన్నే మేజర్‌కి అమ్మబోతున్నదీ వరెన్. రెండో ప్రతి ఎలాగూ న్యూయార్క్ చేరుతుంది కాబట్టి వెంబర్లీకీ కోపం రాదు. ఒకే చేపని రెండు సంతల్లో అమ్మింది మహాతల్లి. మింబా దుకాణంలో నిలబడి ఉన్న ఆ కాసేపట్లోనే రెండో ప్రతిని గుమాస్తా చేత కుట్టించేశారు. అది అయ్యగారి కోటు జేబులో ఉంది. ‘డవ్’ మధ్యాహ్నం పోటు తిరగగానే కదులుతుంది.

మింబా సిరా బుడ్డి తెచ్చుకుంది. ఆ సిరా నూరేది ఆమే. 18లో ఒకటికి తలా తోకా తగిలించి రెండు చేసింది. తేదీ పది రోజులు ఆలస్యమైంది. ఉత్తరం నెత్తిన ఉన్న వరుసని కత్తితో గీకి పొడి రుద్దింది. మైనపుగుడ్డలో పెట్టి, డబ్బాలోనే మిగిలిపోయిన సీసపు ముక్కకి ఒక పక్క చోటు వదిలి, గుమాస్తా కుట్టినట్టే వంకరటింకరగా కుట్టింది. పని చేసినంత సేపూ ఆమెకి కష్టమనిపించింది అదొక్కటే.

*

రేవులో వెంబర్లీ కట్టని కెప్టెన్ చేతిలో పెట్టబోతున్నాడు. పక్కన పసుపుపట్టు పరికిణీలో మదామ్ వరెన్ గొడుగు తిప్పుతోంది.

“అయ్యగారూ, సీసం!” మింబా పరుగున వచ్చి రొప్పుతూ నిలబడింది. “గుమాస్తా గారు సీసం పెట్టకుండా కుట్టేశారు. ముక్క డబ్బాలోనే ఉండిపోయింది.”

వెంబర్లీ కట్టని చేత్తో తూచి చూశాడు. ముఖం కందగడ్డ అయింది. “ఆ వెధవకి పదిసార్లు చెప్పాను. ఇక్కడే కుట్టు. నా కళ్ళముందు.”

“పోటు ఆగదండీ,” అన్నాడు కెప్టెన్. “వంద అంకెలు లెక్కపెడతాను. ఆ తర్వాత తాడు విప్పేస్తా.”

మింబా పీపా మీద కూర్చుని కుట్లు విప్పింది. సంచిలో రెండో కట్ట సిద్ధంగా ఉంది. కానీ అయ్యగారి చూపు ఆమె వేళ్ళ మీద ఉంది, వరెన్ చూపు సంచి మీద ఉంది. వరెన్ కిందకి వంగి గుసగుసలాడింది.

“సంచిలో ఏముందే? నాకు తేవాల్సింది ఏది?”

మింబా కూడా అంతే మెల్లగా అంది. “తమరి సంగతున్న ఉత్తరం దొరసానీ. కమాండెంట్ దొరకి తెలియకుండా మీరిద్దరూ చేసిన బేరం అందులో ఉంది. ఆయన చదివితే టోపీ పెట్టుకోవడానికి మీకు తల మిగలదు.”

“నిన్ను నమ్మేదెవరు?”

“నన్నెవరూ నమ్మక్కర్లేదు. అయ్యగారి దస్తూరీని నమ్ముతారు. గొడుగు బాగుంది, పడెయ్యండి. ఆ వెనకే మీరూ అయ్యగారి మీద పడండి.”

“ఎనభై,” అన్నాడు కెప్టెన్.

వరెన్ ముఖంలో రంగు నీలిమందు కన్నా త్వరగా దిగింది. గొడుగు నీళ్ళలో పడింది. మదామ్ “అయ్యో, కళ్ళు తిరుగుతున్నాయి,” అంటూ తిన్నగా వెంబర్లీ చేతుల్లోకి వాలింది. భార్య చూస్తే ఏమంటుందోనని ఆయన రేవంతా బెదురు చూపులు చూశాడు.

“తొంభై ఎనిమిది.”

సీసపు ముక్క లోపలికి తోసి మింబా చివరి ముడి వేసి పళ్ళతో దారం తెంపింది. కెప్టెన్ చేతిలోకి వెళ్ళింది ఆమె తెచ్చిన కట్ట. అసలైన రెండో ప్రతి సంచి అడుగున ఉంది.

*

పద్దెనిమిదిన మేనత్త క్షేమంగా దిగింది. కుజో ఇక వెనక్కి రాకుండా అడవిలోనే ఉండిపోయాడు. రెండో ప్రతి ఇప్పుడు అతని దగ్గరే ఉంది. పని అయ్యాక ఇస్తామన్న స్వేచ్ఛా పత్రాల కోసం అతను అడిగితే మేజర్ భుజం తట్టాడట. “ఓపిక పట్టు. యుద్ధం అయ్యాక చట్టసభ చూస్తుంది.” స్వేచ్ఛ కోసం తుపాకి పట్టడానికి వాళ్ళకి ఏ చట్టసభా అడ్డురాలేదు. ఇంకొకడికి ఇవ్వాల్సి వస్తేనే గుర్తొచ్చింది. ఆ కబురు విన్న రోజు మింబా మూడు సూదులు విరగ్గొట్టింది.

జనవరిలో ప్రిసిల్లా జవాబు వచ్చింది. వెంబర్లీ రాతబల్ల దగ్గర నిలబడే చదివాడు.

‘అన్నయ్యా, నీ ఉత్తరాలు రెండూ అందాయి. ఒకదాంట్లో మురబ్బా, ఇంకోదాంట్లో మేనత్త. ఇరవై ఎనిమిదిన ఈయన వెళ్తే మేనత్త లేదు. ఆ తుపాకిమందే దట్టించుకుని శత్రువులు మాత్రం ఎదురొచ్చారు. ఓడ పోయింది. ఈయన ఈదుకుంటూ బయటపడ్డారు. నీతో మాట్లాడనంటున్నారు.’

వెంబర్లీ ఉత్తరాల పుస్తకం తెరిచి వేలితో వెతికాడు. అక్కడ స్పష్టంగా 18 అని ఉంది.

“దీన్ని ఇరవై ఎనిమిది ఎవడు చేశాడు?”

“ఎవడూ కాదు అయ్యగారూ, నేను.” మింబా తలుపు మూసింది. “జున్ను బదులు వచ్చినదాన్ని.”

ఆయన చెయ్యి చేతికర్ర మీదకి పోయింది.

“మీరు రాసిన రెండో ప్రతి కుజో దగ్గరుంది. రేపటికి నేను వాడి దగ్గరికి చేరకపోతే అది కమాండెంట్ దొరకి చేరుతుంది. రాజుగారి సైన్యానికి చెప్పకుండా దాచినందుకు ఏం శిక్షో మీకు తెలుసు. మీ నష్టం నేను భరించను.”

చేతికర్ర గోడకి చేరింది. “ఏం కావాలి నీకు?” అన్నాడు.

“నాకూ కుజోకీ స్వేచ్ఛా పత్రాలు. మా అమ్మని ఎవరు కొన్నారో మమ్మల్ని అమ్మిన అంగడివాణ్ణి అడుగుతూ ఒక ఉత్తరం. కూర్చోండి.”

వెంబర్లీ కూర్చుని కలం సిరాలో ముంచాడు. మింబా ఒక కాగితం ఆయన ముందు పెట్టింది, దాని పక్కన ఇంకోటి పెట్టింది.

“అన్నీ రెండేసి ప్రతులు అయ్యగారూ. ఓడలు మునుగుతాయి.”