బండోడు ఉరఫ్ యువరాణి

"అది మా పిల్లి," అన్నాడతను ఆయాసపడుతూ.

జంతువుల క్లినిక్ వరండాలో, ఒళ్ళో బుట్ట పెట్టుకుని కూర్చున్న అమ్మాయి తలెత్తి చూసింది. సిగ్నల్ దాటబోయిన స్టూడెంట్‌ని చూసే చూపు అది. వాళ్ళ నాన్న డ్రైవింగ్ స్కూల్లో ఆమే కారు నేర్పిస్తుంది. నేర్చుకునేవాళ్ళు వెనకాల ఆమెని బ్రేక్ మేడమ్ అనుకుంటారు.

"మీదా? ఏడాది నుంచి నా మంచం మీద పడుకుంటోంది. దీని పేరు యువరాణి."

"బండోడు. రోజూ పొద్దున్నే మా వంటింట్లోనే తింటాడు."

"తిన్నాక మా ఇంటికొచ్చి మళ్ళీ తింటుంది."

ఇద్దరూ ఒకే అపార్ట్‌మెంట్. ఆమె, నాన్న మూడో అంతస్తులో. అతను, అమ్మ కింద. అతనికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. మెట్ల మీద ఎదురుపడితే పక్కకి తప్పుకోవడమే తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు. పిల్లి మాత్రం రెండిళ్ళకీ ముద్దుబిడ్డలా తిరిగింది, రెండిళ్ళలోనూ కడుపు నిండా తిని గుమ్మడికాయలా తయారైంది.

అలాంటిది మాయమైపోయింది. రెండో అంతస్తులో ఖాళీ ఫ్లాట్‌కి రంగులు వేస్తుంటే లోపల దూరింది. పనివాళ్ళు చూడకుండా తాళం వేసుకుని ఇంకో పనికి వెళ్ళిపోయారు. కింద అతను సందులన్నీ వెతికాడు, పైన ఆమె మేడలన్నీ వెతికింది. ఎవరి వెతుకులాట వాళ్ళది. మళ్ళీ తాళం తీసిన రోజున అది మెట్ల మీదికి వచ్చి, గోడకి ఆనుకుని కూలబడి ఆమె కంటబడింది. ఆమె బుట్టలో పెట్టుకుని వెళ్ళిందని వాచ్‌మన్ చెప్పగానే అతను షాపు వదిలేసి పరిగెత్తాడు.

డాక్టరమ్మ పిల్లి చెవులు మడిచి చూపించింది. లోపలంతా పసుపుపచ్చగా ఉంది. లావుపాటి పిల్లి ఒక్కసారిగా పస్తుంటే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరుతుందనీ, ఆ తర్వాత ఎదురుగా తిండి పెట్టినా ముట్టదనీ, ముట్టకపోతే జబ్బు ఇంకా ముదురుతుందనీ చెప్పింది. దారి ఒకటే. మెడ పక్కన చిన్న రంధ్రం చేసి, అన్నవాహికలోకి సన్నటి గొట్టం వేసి, దానిలోంచి తిండి పంపాలి. కాలేయం కోలుకుని, తనంతట తను తినేదాకా.

"బతుకుతుందా?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"ఇంట్లో ఓపిగ్గా చేస్తే చాలావరకు బతుకుతాయి. ఎవరింటికి తీసుకెళ్తున్నారు?"

"మా ఇంటికే," అన్నది కూడా ఒకేసారే వచ్చింది.

డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "అది మీరు తేల్చుకోండి. ఇంకొక్క మాట. యువరాణి మగపిల్లి."

అతను నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

చేయాల్సిన పని విన్నాక పంతాలు దిగిపోయాయి. తిండిని నీళ్ళతో మెత్తగా రుబ్బి, వడకట్టి, గోరువెచ్చగా సిరంజిలోకి తీసుకోవాలి. ముందు కాస్త నీళ్ళు, తర్వాత తిండి, మళ్ళీ నీళ్ళు. మందులు. మెడ దగ్గర గాయం తుడవడం. ఇదంతా రోజుకి చాలాసార్లు. ఆమె క్లాసులు తెల్లవారుతూనే మొదలై పదింటికి అయిపోతాయి, మళ్ళీ సాయంత్రం ఉంటాయి. అతను పదింటికి షాపు తెరవాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కింద ఇల్లయితే అమ్మ కూడా ఉంటుంది కాబట్టి అక్కడే ఉంచుదామని ఆమే అంది. ఎక్కడుంటే ఏంటి, బతకడం ముఖ్యం అంది.

గొట్టంతో వచ్చిన పిల్లిని చూసి అతని అమ్మ వంటింటి గుమ్మం దాటలేదు. ఆ మెడ తను చూడలేనంది.

మొదటిసారి సిరంజి అతను పట్టుకున్నాడు. కంగారులో గట్టిగా నొక్కేశాడు. పిల్లి మూతి నాక్కుంటూ మెడ వెనక్కి లాక్కుంది.

"ఆగండి, ఆగండి. యాక్సిలరేటర్ ఒక్కసారే తొక్కేస్తే ఎలా? కొంచెం కొంచెంగా. దాని మొహం చూస్తూ."

"మీ స్టూడెంట్లని కూడా ఇలాగే తిడతారా?"

"ఇది నేర్పించడం. తిట్టడం వేరేగా ఉంటుంది, తొందరపడకండి, అదీ చూస్తారు."

పొద్దున అతను, పగలు ఆమె, సాయంత్రం అతను, ఆమె క్లాసులయ్యాక ఇద్దరూ. కొన్నాళ్ళకి ఆమె రావాల్సిన అవసరం లేని పూట కూడా, డౌట్ వచ్చి దిగానంటూ రావడం మొదలుపెట్టింది. అతనూ అంతే. మధ్యాహ్నం ఎప్పుడూ షాపు మూయనివాడు, సిరంజి సరిగ్గా కడిగారో లేదో చూద్దామని ఇంటికొచ్చేవాడు. గుమ్మం దాటనన్న అమ్మ, పాత మెత్తటి బట్ట కత్తిరించి పిల్లి మెడకి పట్టీ కుట్టింది. కుట్టాక, దానికి కడుపు నిండిందో లేదో తనకే తెలుస్తుందని ఇద్దరి మీదా పెత్తనం చేసింది.

ఒకరోజు సిరంజి మీది గీతలు చదవడానికి ఆమె దాన్ని చాచిన చేతి దూరంలో పెట్టడం అతను చూశాడు.

"మీకు కళ్ళజోడు కావాలండీ."

"కారు నడిపేదాన్ని. నా చూపుకేం?"

"దూరంగా ఉన్నవి బాగానే కనిపిస్తాయి. దగ్గరున్నవే కనిపించట్లేదు."

వంటింట్లో అమ్మ అనవసరంగా దగ్గింది. మర్నాడు ఆమె బుద్ధిగా షాపుకెళ్ళి పరీక్ష చేయించుకుంది. నిజంగానే కళ్ళజోడు పడింది.

అంతా సవ్యంగా సాగుతోంది అనుకున్న ఒక సాయంత్రం, బయట జోరున వాన పడి ఆమె క్లాసులు ఆగిపోగా, పిల్లి వాంతి చేసుకుంది. దాంతోపాటు లోపలున్న గొట్టం కొస నోట్లోంచి బయటికొచ్చింది. ఆమె పిల్లిని తువ్వాల్లో చుట్టి అతని చేతుల్లో పెట్టి, కారు తీసింది.

అది డ్రైవింగ్ స్కూలు కారు. పక్కసీటు దగ్గర కూడా బ్రేక్ ఉంటుంది. ఒళ్ళో పిల్లితో కూర్చున్న అతను మలుపు వచ్చినప్పుడల్లా ఆ బ్రేక్ తొక్కుతున్నాడు.

"మీ కాలు తీయండి," అందామె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నేనున్నాగా."

అతను కాలు తీసేశాడు. ఆ తర్వాత క్లినిక్ వచ్చేదాకా మళ్ళీ భయం వేయలేదు.

మళ్ళీ మత్తు ఇవ్వాలి, కొత్త గొట్టం వేయాలి, ఈ నీరసంలో తట్టుకుంటుందో లేదో చెప్పలేనంది డాక్టరమ్మ. బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. వాన చప్పుడులో అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. నాన్న పోయాక ఇంట్లో మాటలు తగ్గిపోయాయనీ, ఎక్కణ్ణుంచో వచ్చిన ఈ పిల్లితోనే అమ్మ మళ్ళీ గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టిందనీ. ఆమె అతని చొక్కా చేతిని పట్టుకుని, డాక్టరమ్మ తలుపు తీసేదాకా వదల్లేదు.

డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. గట్టి పిండం అంది.

ఆ తర్వాత చెవుల్లో పసుపు తగ్గుతూ వచ్చింది. ఒక ఉదయం అమ్మ ఊరికే పళ్ళెంలో వేసి పెట్టిన చేపముక్కని పిల్లి వాసన చూసి, ఒకసారి నాకి, తినేసింది. అమ్మ కేకకి అతను సగం గీసిన గడ్డంతో పరిగెత్తుకొచ్చాడు. ఆమె క్లాసు మధ్యలో కారు పక్కకి ఆపించి, ఫోన్లో ఆ వార్త రెండుసార్లు చెప్పించుకుంది.

సంతోషించాల్సిన ఆ రోజుల్లోనే ఆమె ఒక పెద్ద కొత్త బుట్ట కొనుక్కొచ్చింది. గాలి ఆడే కిటికీలు, లోపల మెత్తటి పరుపు. అది చూడగానే అతని మొహం మాడిపోయింది. గొట్టం తీయగానే పిల్లిని పైకి తీసుకెళ్ళిపోతుందన్నమాట. మాటలు ముక్తసరి అయ్యాయి. ఆమె దిగేసరికి షాపులో పనుందని వెళ్ళిపోయేవాడు. ఆమెకి అర్థం కాలేదు. పిల్లి బాగుపడింది కదా, ఇక తనతో పనేముంది అనుకుంటున్నాడు కాబోలు అని ఆమె ముడుచుకుపోయింది.

కొన్నాళ్ళు పిల్లి తనంతట తను శుభ్రంగా తిన్నాక, డాక్టరమ్మ గొట్టం తీసేసింది. అనుకున్నంత పెద్ద పనేం కాదు. కుట్టు కత్తిరించి, మెల్లగా లాగి, చిన్న కట్టు వేసింది. గాయం దానంతటదే మూసుకుపోతుందంది.

ఇంటికొచ్చాక పిల్లి హాలంతా ఒకసారి తిరిగి, కిటికీ కింద చాపలా పరుచుకుంది. అతను కొత్త బుట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"తీసుకెళ్ళండి. మీ దగ్గరైతే ఇంకా బాగుంటాడు."

"ఎక్కడికి?"

"పైకి. అందుకే కదా కొన్నారు."

"డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మీరు బట్టల బుట్టలో కూర్చోబెడుతున్నారు. దాని తోక బయటికొచ్చి తలుపుల్లో పడుతోంది. అందుకని కొన్నాను. వారం నుంచి మూతి ముడుచుకుంది ఇందుకా?"

అతను నేల చూస్తూ చెప్పాడు. "వాడు తినడం మొదలుపెట్టిన రోజు ఎంత సంతోషం వేసిందో, అంత దిగులూ వేసింది. ఇక మీరు కిందికి రావడానికి కారణం ఉండదు కదా."

"మీరు రమ్మని అడిగితే అదే కారణం కదా."

"రేపు కూడా రండి. పిల్లి కోసం కాదు. నాకు మీరంటే ఇష్టం."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. "ఈ ముక్క చెప్పడానికి ఇన్నాళ్ళా? నేను ఆ పనికిమాలిన డౌట్లన్నీ ఎందుకు అడిగాననుకున్నావు నువ్వు?"

మీరు నువ్వైపోయిందని ఇద్దరికీ ఆ తర్వాతే తెలిసింది.

ఆమె నాన్నకి ఫోన్ చేసింది. గొట్టం తీసేశారని చెప్పింది. ఇంకో విషయం ఉందనీ, కంగారు పడేది కాదనీ, ఇంటికొచ్చి చెప్తాననీ అంటుండగా, వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోన్ అందుకుంది.

"అన్నయ్యగారూ, కింద నుంచి మాట్లాడుతున్నాను. ఒకసారి రాగలరా? మీ అమ్మాయీ మా అబ్బాయీ మనతో చెప్పాల్సిన మాట ఒకటుంది. నాకైతే ఎప్పుడో తెలుసనుకోండి. మీకూ తెలుసా? సరే, అయితే ఇంకేం."

మెట్ల మీద చెప్పుల చప్పుడు వడివడిగా దిగింది. పిల్లులంటే తనకి పడదని ఊరంతా చెప్పుకునే ఆమె నాన్న తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. వరసగా నిలబడ్డ ముగ్గురినీ దాటుకుని కిటికీ దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, దాని మెడ చుట్టూ వేలితో మెల్లగా తడిమాడు. అది కళ్ళు మూసుకుని గుర్రుగుర్రుమంది.

"నిజంగానే తగ్గిపోయిందిరా," అన్నాడు. అప్పుడు లేచి, అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.