రెఫరీ చూడని పొక్కు

మా ఇంటి ముందుగదే నా బ్యూటీ పార్లర్. అమెరికాలో, అయోవా రాష్ట్రంలో మా ఊరు మొత్తం కలిపి మూడు వీధులు. శీతాకాలం వచ్చిందంటే అందరికీ ఒకటే గోల, స్కూలు కుస్తీ పోటీలు. జుట్టుకి రంగు వేయించుకునే ముసలమ్మలు కూడా "ఈవారం ఎవరు ఎవర్ని పడేశారే ట్రీనా?" అని అడిగేవాళ్ళే.

నా పెద్దపిల్ల డెలానీ కూడా కుస్తీ పట్టేది. పదిహేడేళ్ళు. నోరూ పట్టూ రెండూ గట్టివే దానికి.

పోటీకి ముందు రెఫరీ పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒళ్ళు చూస్తాడు. పొక్కు కనబడిందా, పక్కవాళ్ళకి అంటుకుంటుందని ఇక ఆ రోజుకి ఆట లేదు. అందుకని మా ఊరి తల్లులకి ఒక విద్య వచ్చు. సాలెపురుగు కుట్టిందిలే అనుకుంటాం, పైన ఒంటిరంగులో కలిసిపోయే ఫౌండేషన్ రాసి పంపించేస్తాం. కిందటి జనవరిలో డెలానీ మెడ వెనక శనగగింజంత పొక్కు లేచింది. ఎర్రగా ఉంది, ముట్టుకుంటే వేడి.

"అమ్మా, ప్లీజ్. జిల్లా పోటీలే! నీకిదెంత పని?"

"నొప్పిగా ఉందా?"

"నొప్పీ లేదు, గిప్పీ లేదు. ముందు రాయి."

రాశాను. మూడు పూతలు. రెఫరీ టార్చి వేసి చూసి కూడా పోనిచ్చాడు. గెలిచింది. నాలుగో రోజుకల్లా అది ఊపిరితిత్తుల్లోకి పాకింది. మామూలు మందులకి లొంగని రకం క్రిమి అన్నారు డాక్టర్లు. ఆరో రోజున నా పిల్ల లేదు. నా చేతులు పడిపోను... ఇంకేమనను?

తర్వాత మమ్మల్నీ పరీక్ష చేశారు. ఆ క్రిమి నా ముక్కులో కాపురముంటోందట. నాకు మాత్రం జలుబైనా లేదు. మందు వాడాక పోయిందన్నారు గానీ, మళ్ళీ రాదని ఎవరూ ఒట్టేయలేదు. పరుపు తగలబెట్టాను, తువ్వాళ్ళన్నీ పారేశాను, డెలానీ గదికి తాళం వేశాను. ఆ రోజు నుంచి నా చిన్నదాన్ని, తొమ్మిదేళ్ళ జోసీని, ఒక్కసారి కూడా దగ్గరికి తీసుకోలేదు. జడ కూడా రబ్బరు తొడుగులు వేసుకునే వేసేదాన్ని. వాటేసుకోబోతే "పో, పనుంది" అని కసిరేదాన్ని. ఇదొక్కటైనా బతికుంటే చాలు నాకు.

నిన్న సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడింది. బయట మంచు. చివరి గిరాకీ వెళ్ళిపోయింది. కింద పడ్డ వెంట్రుకలు ఊడుస్తుంటే లోపలినుంచి సన్నగా చప్పుడు. కిర్రు... కిర్రు... రబ్బరు అడుగు బూట్లు నేల మీద మెలి తిరిగితే వచ్చే చప్పుడు. ఆ వెనకే వాసన. చెమటా, కుస్తీ పరుపులు తుడిచే మందూ కలిసిన వాసన. ఏడాదైంది మా ఇంట్లో ఆ వాసన వచ్చి.

"జోసీ?"

చీపురు పట్టుకునే లోపలికి నడిచాను. డెలానీ గది తలుపు... బార్లా తీసి ఉంది.

జోసీ గది మధ్యలో నిలబడి ఉంది. ఎవర్నో వాటేసుకున్నట్టు చేతులు చాచి. ఎదురుగా ఎవరూ లేరు. కానీ వీపు మీద దాని స్వెట్టరు... లోపలికి నొక్కుకుపోయి ఉంది. రెండు చోట్ల. అరచేతులంత మేర.

"ఎవరే అది?" అన్నాను.

"ష్... అక్క," అంది జోసీ గుసగుసగా. "రోజూ వస్తుంది. నువ్వు పట్టుకోవుగా, అందుకని."

"ఇటు రా తల్లీ."

"వదలట్లేదమ్మా... అక్క ఒళ్ళు కాలిపోతోంది."

చీపురు అక్కడే పారేశాను. చేతులకి తొడుగుల్లేవు. ఉంటే మాత్రం ఎవరికి కావాలి?

"వదలవే డెలానీ! తప్పు నాది. నన్ను తీసుకుపో, దాన్ని వదిలెయ్!"

జోసీని లాగి గుండెలకి హత్తుకున్నాను. ఏడాది తర్వాత. అది రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు... వెనకనుంచి... నా నడుం చుట్టూ ఇంకో రెండు చేతులు పడ్డాయి. పెనంలా కాలుతున్నాయి.

విదిలించుకోలేదు. ఎలా విదిలించుకోను? నేను కన్న పిల్లే కదా!

"నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగాను.

చెవి దగ్గర వేడి ఊపిరి. "ఊఁ..."

ఎంతసేపు అలా ఉన్నామో తెలీదు. ఒక్కసారిగా నడుం చల్లబడింది. వెనక ఎవరూ లేరు.

పొద్దున్న జోసీకి ఒళ్ళు వెచ్చబడింది. దుప్పటి చుట్టి కారులో పడుకోబెట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఈసారి ఏదీ దాచలేదు, అన్నీ చెప్పేశాను. నర్సు జోసీ మెడ మీది జుట్టు పైకెత్తి చూసింది. చిన్న పొక్కు.

"మంచి పని చేశారండీ," అంది. "ఎరుపు ఎంతవరకు ఉందో పెన్నుతో గీత గీసి, టైం కూడా వేశారు. మేమూ ఇలాగే చేస్తాం. పాకుతోందో లేదో తెలుస్తుంది."

నేను గీయలేదు. అసలు ఆ పొక్కునే నేను చూడలేదు.

వంగి చూశాను. నీలం సిరాతో గుండ్రటి గీత. పక్కన నిన్నటి తేదీ, సాయంత్రం నాలుగు నలభై, డెలానీ చేతిరాతలో.

"పాకలేదు కదూ?" అన్నాను.

నర్సు దీపం దగ్గరికి లాక్కుంది. వెంటనే డాక్టరు కోసం పరుగెత్తింది. ఎరుపు ఆ గీత దాటి, రెండు వేళ్ళ మేర వీపు మీదికి దిగి ఉంది.