తలుపు తియ్యుండ్రి

మునగాల దాటి కోదాడ దిక్కు పోతుంటే, హైవేకు ఎడమపక్క, ధాబాల వెలుగు అందనంత లోపల ఒక వెంచర్ ఉంది. ప్లాట్లకు రాళ్లు పాతి ఏళ్లయింది. ఆ రాళ్లనిప్పుడు సర్కారు తుమ్మ కమ్మేసింది. కట్టిన ఇల్లు మాత్రం ఒక్కటే. పొద్దుగూకాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ పోరు. వరికోత మిషన్లు నడిపే పొరుగూరి డ్రైవర్లు కూడా, అడ్డదారి అదేనని తెలిసీ, చుట్టు తిరిగి పోతారు.

ఎందుకంటే — ఆ ఇల్లు పిలుస్తుంది.

మొదట పడకగదిలో లైటు వెలుగుతుంది. ఎవరూ స్విచ్ ముట్టుకోరు. తర్వాత గోడ దగ్గర్నుంచి ఒక ఆడగొంతు... ఏడుపు కాదు, కేక కాదు. "తలుపు తియ్యుండ్రి..." అని, అంతే. కాసేపటికి లైటు దానంతటదే ఆరిపోతుంది.

కిరాయికి దిగినవాళ్లు పొయ్యి మీది కుక్కర్ కూడా దించకుండా పోయారంటారు. నాలుగు లైన్ల రోడ్డు వేసేటప్పుడు లారీ కింద పడ్డ ఆడమనిషి అదేనని కొందరు. పునాది తవ్వుతుంటే ఎవరి సమాధో కదిలిందని కొందరు. ఇంటి ఓనరు రాజేందర్ కోదాడలో ఉంటాడు. అతను పూజ చేయించాడు, వైరింగు మార్పించాడు, చివరికి విసుగొచ్చి సూర్యాపేటకు ఫోన్ కొట్టాడు. కెమెరాలూ, ఫోన్‌తో నడిచే లైట్లూ అమ్మే షాపుకు.

ఆ షాపు నుంచి వచ్చింది స్రవంతి.

స్రవంతి సంగతి కొంచెం చెప్పాలి. కాలేజీలో ఆమె వాదనకు దిగితే ఎదుటివాళ్లు నీళ్లు నమలాల్సిందే. దయ్యం ఉందన్నవాళ్లను ఆమె ఎప్పుడూ ఒకే తీరుగా అడిగేది. "చూసినవా? విన్నవా? వింటే — ఎక్కడ్నుంచి విన్నవ్?" చాలామంది ఆ చివరి ప్రశ్న దగ్గరే ఆగిపోయేవారు. ఎక్కడ్నుంచి అని ఎవరూ చూసి ఉండరు కదా... పరుగెత్తి ఉంటారు.

ఆమె స్కూటీ వెంచర్‌లోకి తిరిగేసరికి మసక చీకటి. గేటుకు నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, నల్లదారం. గేటు బయట బండ్ల మీద కొందరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లలో మట్టయ్య ఊళ్లో మాట చెల్లే పెద్దమనిషి.

"పొద్దుగూకినంక వచ్చినవేంది బిడ్డా?"

"పగటిపూట మీ దయ్యం డ్యూటీకి రాదంట గద పెద్దయ్యా. నేనే షిఫ్ట్ మార్చుకున్న."

ఎవరూ నవ్వలేదు.

"అది దయ్యం కాదు," అన్నాడు మట్టయ్య. గొంతు బాగా తగ్గించాడు. "లోపల కావలి ఉంటది సూడు, రుక్కమ్మ... దాని బాణామతి. రాజేందర్ ఆ మాట్లాడే డబ్బా వైరు పీకి పోతడు. తెల్లారేసరికి మల్ల పెట్టి ఉంటది. ఎవలు పెడుతున్నరు? నువ్వు ఈ రాత్రికి తేలుస్తవా, మంచిది. లేదా — రేపు మేం తేలుస్తం."

బాణామతి, అంటే చేతబడి, చేస్తుందన్న మాట పడ్డ ఆడమనిషిని ఎట్లా తేలుస్తారో స్రవంతికి తెలుసు. కరెంటు స్తంభానికి కడతారు. పళ్లు రాలగొడతారు. తర్వాత పోలీసులు వస్తే, ఊరు ఊరంతా ఏమీ చూడలేదంటుంది.

ఆమె లోపలికి నడిచింది.

రుక్కమ్మ పడకగది గడప మీద కూర్చుని ఉంది. బక్కమనిషి. గేటు దగ్గర తన గురించి ఏం మాట్లాడుకుంటున్నారో ఆమెకు తెలుసని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"స్పీకర్ ప్లగ్గు నువ్వే పెడుతున్నవా అవ్వా?"

"నేనే."

"ఎందుకు?"

రుక్కమ్మ కొంగు వేలికి చుట్టుకుంది.

"ఆ పిల్ల పిలుస్తది గద బిడ్డా... నేను గిట్ల వైరు పీకేస్తే, ఇగ ఎవలు ఇంటరు?"

"వినపడితే నువ్వేం చేస్తవ్?"

"పలుకుత. ఎవలు బిడ్డా, ఏడున్నవ్ బిడ్డా, అంట. దానికి ఇనబడదు. మల్ల గదే మాట అంటది."

స్రవంతి బ్యాగు విప్పింది.

గోడకు ఒక తెల్లటి పెట్టె. హబ్ అంటారు దాన్ని. ఇంట్లో లైట్లకూ, స్పీకర్‌కూ తలకాయ అదే. "ఇసొంటి బల్బులు కరెంటు పోయొస్తే వాటంతటవే వెలుగుతయ్ అవ్వా. మీ దయ్యంల సగం అదే," అంది. వైఫై డబ్బా ఆపి మళ్లీ వేసింది. సిగ్నల్ బాగానే ఉంది. వైర్లు బాగానే ఉన్నాయి. హబ్‌ను తన ఫోన్‌కు కలుపుకుందామని చూస్తే మాత్రం ఒప్పుకోలేదు. ఇది ఇప్పటికే వేరొకరి అకౌంట్‌లో ఉంది, అంది తెర మీద.

రాజేందర్‌కు ఫోన్ చేస్తే, "నాకా అకౌంట్లవీ ఏం తెలియవమ్మా. అంతా పవన్ పెట్టాడు, అతన్నే అడుగు," అన్నాడు.

పవన్ ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఇలాంటి పనులు చేసినవాడే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఫోన్ ఎత్తాడు. వెనక బండ్ల హోరు.

"ఓటీపీ నా నంబరుకే వస్తది చెల్లె, చెప్త, కొట్టుకో. జనాలకు మెయిళ్లు గుర్తుండవ్, పాస్‌వర్డులు గుర్తుండవ్. అందరియీ నా దాంట్లనే పెట్టేసిన. పని ఖతం."

ఓటీపీ చెప్పి, నవ్వి పెట్టేశాడు. స్రవంతి నంబరు కొట్టింది. అకౌంట్ తెరుచుకుంది.

అప్పుడే — తల మీద బల్బు వెలిగింది.

కరెంటు పోలేదు. రాలేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

రుక్కమ్మ లేచి నిలబడింది. "వచ్చింది..." అంది గుసగుసగా.

గోడ దగ్గరి స్పీకర్ చుట్టూ నీలం వెలుగు ఒకసారి తిరిగింది. తర్వాత... ఊపిరి. ఎవరో చాలా దగ్గరగా నోరు పెట్టి తీసుకున్న ఊపిరి.

"తలుపు తియ్యుండ్రి... అత్తమ్మా... దూపైతున్నది..."

"బిడ్డా, ఏడున్నవే?" అంది రుక్కమ్మ.

మళ్లీ అదే మాట. గేటు దగ్గర ఎవరో బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయిన చప్పుడు. గదిలో ఇద్దరూ కదల్లేదు. కాసేపటికి బల్బు ఆరిపోయింది.

చీకట్లో ఫోన్ తెర ఒక్కటే వెలుగుతోంది. చూడలేదు. విన్నది. సొంత చెవులతో విన్నది. ఇక మిగిలింది ఆ చివరి ప్రశ్నే.

ఎక్కడ్నుంచి?

హబ్‌కు వచ్చిన ప్రతి పిలుపూ ఎక్కడ్నుంచి వచ్చిందో అకౌంట్‌లో ఉంటుంది. ఆమె తెరిచింది. పై వరుసల్లోనే ఉంది... పిలుపు వచ్చిన చోటు — మేడమీది గది.

"అవ్వా, మేడమీద ఎవరుంటరు?"

రుక్కమ్మ ఆమె వైపు అదోలా చూసింది.

"మేడ ఏడిది బిడ్డా? ఈ ఇంటికి మేడ లేదు."

స్రవంతి వేలు తెర మీద కిందికి జారింది. నిన్నా అంతే. మొన్నా అంతే. మేడమీది గదిలో లైటు. మేడమీది గది నుంచి పిలుపు. ఆ తర్వాత... తాళం తెరుచుకుంది. లైటు ఆరింది. తాళం పడింది. ప్రతి రాత్రీ అదే వరుస. ఈ ఇంటి తలుపులకున్నవి ఇనుప గొళ్లేలు. ఫోన్‌తో తెరిచే తాళం ఒక్కటి కూడా లేదు.

అట్టడుగున ఇంకో పేరు. కింది హాలు స్పీకర్ — వైరు పీకి చాన్నాళ్లయింది.

పవన్‌కు మళ్లీ ఫోన్ కొట్టింది.

"అన్నా, ఈ అకౌంట్‌ల ఇంకెవరి ఇల్లున్నది?"

"స్పీకర్లు పెట్టిన ఇల్లంటె... ఇంకొకటే. మిర్యాలగూడల ఒకాయన. ఏమైంది?"

"మేడమీది గదికి తాళం నువ్వే పెట్టినవా?"

"నేనే."

"లోపలి దిక్కా? బయటి దిక్కా?"

అవతల హోరు ఆగిపోయింది. బండి పక్కకు ఆపినట్టున్నాడు.

"బయటి దిక్కు..." అన్నాడు పవన్. "ఆయన భార్యకు మంచిగ ఉంటలేదన్నరు చెల్లె. గాలి సోకిందంట. దయ్యం పట్టిందంట. రాత్రిళ్లు బయటికి ఉరుకుతదని..."

"ఆమె పేరేంది?"

"రాణి."

"ఇంటి అడ్రస్ పంపు అన్నా. ఇప్పుడే. నువ్వు కూడా పోలీసులకు ఫోన్ చెయ్. తాళం పెట్టిన మనిషివి నువ్వే, నీ మాట ఇంటరు."

విషయం ఇంతే. పైనుంచి కింది హాలుకు పిలవడానికి పెట్టించుకున్న స్పీకర్లు అవి. కిందివాళ్లు తమకు వినపడకుండా వైరు పీకేసుకున్నారు. ఆ పిలుపు మాత్రం ఆగలేదు. అదే అకౌంట్‌లో ఉన్న ఇంకో స్పీకర్‌ను వెతుక్కుంటూ వచ్చి, ఈ వెంచర్‌లో, ఈ గోడ మీద పలికింది. రెండు ఇళ్లలోనూ పవన్ లైటుకు ఒకే పేరు పెట్టాడు. అక్కడ వెలిగితే ఇక్కడ వెలుగుతుంది. అక్కడ ఆర్పితే ఇక్కడా ఆరుతుంది.

అక్కడేమో ఆమెకు దయ్యం పట్టింది. ఇక్కడేమో ఆమే దయ్యం. మనిషి అని అన్నవాళ్లు ఏ ఊళ్లోనూ లేరు.

స్రవంతి వందకు ఫోన్ చేసింది. అడ్రస్ చెప్పింది, పేరు చెప్పింది, మళ్లీ చెప్పింది. "పంపిస్తున్నం" అనేదాకా పెట్టలేదు. తర్వాత గేటు దగ్గరికి పోయింది. కొందరు అప్పటికే జారుకున్నారు. మట్టయ్య ఉన్నాడు.

"ఆమె పేరు రాణి," అంది. "మిర్యాలగూడల ఉంటది. మొగడు గదిల పెట్టి తాళం వేసిండు. దూపైతున్నదని, నీళ్లని అడుగుతున్నది, పెద్దయ్యా. మీరు నిమ్మకాయలు కట్టిన్రు."

"మాకేం ఎరుక బిడ్డా... మేం ఏదో..."

"ఇనబడలేదని మాత్రం అనకు. ఊరందరికీ ఇనబడ్డది. రుక్కవ్వ ఒక్కతే పలికింది. ఆమెనేనా మీరు రేపు తేల్చేది?"

మట్టయ్య భుజం మీది తువ్వాల తీసి చేతుల్లో నలుపుతూ ఉండిపోయాడు.

ఆమె లోపలికి వచ్చేసరికి రుక్కమ్మ స్పీకర్ పక్కనే గోడకు ఆనుకుని ఉంది.

"ఇప్పుడన్న దానికి నా మాట ఇనబడుతదా?"

స్రవంతి తెర మీద మేడమీది గదిని ఎంచుకుంది. దాని పక్కనే తాళం గుర్తు. ఒక్క వేలు చాలు, ఆ తలుపు తెరుచుకుంటుంది. కానీ పోలీసులు చేరలేదు. మెట్ల కింద ఎవరు కూర్చుని ఉన్నారో ఎవరికి తెలుసు... వేలు వెనక్కి తీసుకుంది. ఫోన్ మాత్రం రుక్కమ్మ నోటి దగ్గర పట్టింది.

"మెల్లగ అవ్వా. ఆ డబ్బా అక్కడ ఎంత గట్టిగ పలుకుతదో మనకు తెల్వదు."

రుక్కమ్మ పెదాలు తడుపుకుంది.

"రాణీ... బిడ్డా... నేను ఇంటున్న. రోజూ ఇంటున్న. భయపడకు, మనుషులొస్తున్నరు."

దూరాన హైవే మీద ఏదో లారీ పోయింది. తుమ్మల్లో కీచురాళ్లు ఒక్కసారిగా ఆగాయి.

బల్బు వెలిగింది.

స్పీకర్ చుట్టూ నీలం వెలుగు తిరిగింది. అదే ఊపిరి... అదే గొంతు. ఇన్నాళ్లలో మొదటిసారి మాట మారింది.

"ఎవరు... మీరు... మనిషేనా?"

రుక్కమ్మ కళ్లు నిండాయి. "మనిషినే బిడ్డా," అంది. "మనిషినే."

స్రవంతి చేతిలో ఫోన్ టింగుమంది. తెర మీద కొత్త వరుస వచ్చింది.

మేడమీది గది — తాళం తెరుచుకుంది.

"నువ్వు తీసినవా బిడ్డా?" రుక్కమ్మ గుసగుసగా అడిగింది.

స్రవంతి తన వేలు చూసుకుంది. అది తెరకు ఎడంగానే ఉంది. పోలీసులా? ఇంత తొందరగానా? వాళ్లే ఆ మొగుడి చేత తీయించారా? లేక... ఆ డబ్బా అక్కడ గట్టిగా పలికి, మొగుడే విని పైకొచ్చాడా?

ప్రతి రాత్రీ అదే వరుస. తాళం తెరుచుకుంటుంది. వచ్చింది మొగుడైతే, ఆ తర్వాత లైటు ఆరుతుంది.

ఇద్దరూ తలెత్తి బల్బు వైపు చూశారు. మట్టయ్య ఎప్పుడొచ్చాడో, చెప్పులు విడిచి గడప దగ్గర నిలబడి, అతనూ అటే చూస్తున్నాడు.

బల్బు వెలుగుతోంది.

ఇంకా వెలుగుతూనే ఉంది...