బొగ్గు పెట్టిన పచ్చబొట్టు

"అమ్మో! సిస్టరమ్మా, గాయం కడుగుతున్నవా, గిన్నె తోముతున్నవా?"

మణుగూరు గని దవాఖానాలో రూప్‌సింగ్ వేసిన ఆ కేకకు వరండాలో వాన చూస్తూ కూర్చున్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. నర్సు సులోచన మాత్రం నవ్వలేదు.

"గనిలకు దిగేటోనివి, గింతకే కేకలా? కదలకు!"

ఎనభైల నాటి మాట. అప్పట్లో కాలనీ దాటితే అడవే. గనిలో కొత్తగా చేరిన రూప్‌సింగ్‌కు బొగ్గు పెళ్ల తగిలి ఎడమ కనుబొమ్మ మీద చర్మం చీరుకుపోయింది. తోటివాళ్లు ఏదో ఆకు పసరు పిండి, బీడీ బూడిద కూడా అద్ది మరీ మోసుకొచ్చారు. వైద్యం ముందు వాళ్లదే అయిపోయింది.

"బ్లేడు కోస్తే అంచులు నున్నగుంటయ్, జల్దీ అతుక్కుంటయ్. ఇది చీరింది. అంచులు పీలికలైనయ్, లోపల బొగ్గు దూరింది. గట్లనే కుట్లేస్తే ఏమైతదో తెల్సా?"

"ఏమైతది?"

"నీలం గీత పడ్తది. సచ్చేదాక పోదు."

ఈ సంగతి ఆమెకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. వాళ్ల నాయిన ఎల్లస్వామి వీపు చెప్పింది. ఆయన వయసులో ఉన్నప్పుడు గనుల్లో గాయం కడిగే తీరిక ఎవరికుంది? చిన్నప్పుడు నాయిన వీపు రుద్దుతూ, ఆ నీలి గీతలు పోతాయేమోనని ఇటుక ముక్కతో గీకి తిట్లు తిన్న పిల్ల సులోచన. అందుకే ఎవరి గాయాన్నీ ఊరికే వదిలేది కాదు. సబ్బునీళ్లు, సెలైను, బ్రష్షు. ఎంత మొత్తుకున్నా వినదు. కార్మికులు ఆమెకు 'పీచు సిస్టర్' అని పేరు కూడా పెట్టారు.

మత్తు సూది సరిగా పట్టలేదేమో, రూప్‌సింగ్ కేకలు ఆపి మంచం పట్టీని గట్టిగా పట్టుకున్నాడు. మూసిన కంటి నుంచి ఒక చుక్క జారి చెవి దాకా పోయింది.

"చాలు సిస్టరమ్మా," అన్నాడు మెల్లగా.

మూలన ఇంకా కొంచెం నలుపు ఉంది. ఆమెకు కనిపిస్తూనే ఉంది. అయినా బ్రష్షు పక్కన పెట్టేసింది. డాక్టరు గారు వచ్చి కుట్లు వేశారు.

ఆ తర్వాత డ్రెస్సింగ్ వంకతో అతను రాని రోజు లేదు.

"తడపొద్దన్న కదా!"

"వానను నేనేమన్న పిలిచిన్నా?"

"గొడుగు లేదా?"

"ఉంటే గిన్ని తిట్లు ఎట్ల దొరుకుతయ్?"

తండా నుంచి మోదుగాకు దొప్పలో నేరేడుపళ్లు తెచ్చేవాడు. ఆమె వద్దనేది. అతను వెళ్లగానే తినేది. మర్నాడు నాలుక చూసి అతను పట్టేసేవాడు.

కుట్లు విప్పాక గాయం చక్కగా మానింది. కానీ కనుబొమ్మ పక్కన సన్నటి నీలి గీత తేలింది. ఆ రోజు సులోచన చూసి కూడా వదిలేసిన నలుపే అది. బంగారంలాంటి ముఖం తన చేతులారా పాడుచేసింది! ఆ రోజు నుంచి అతని గొంతు వినబడితే చాలు, మందుల గదిలోకి దూరేది. పిల్లకు తనంటే గిట్టదనుకుని అతనూ రావడం మానేశాడు.

అతను రాని రోజులు ఆమెకు ఎంత బరువుగా గడిచాయో ఆమెకే తెలుసు.

ఒక మధ్యాహ్నం చేతినిండా గాజులతో, అద్దాల రవికతో ఒక పెద్దామె విసవిసా వచ్చింది. రూప్‌సింగ్ తల్లి ద్వాలి.

"పీచు సిస్టర్ ఎవరు? నా కొడుకు మొఖాన మచ్చ పెట్టింది నువ్వేనా?"

"తప్పయింది అమ్మా," అంది సులోచన కళ్లనీళ్లతో.

"నిన్న పిల్లనిచ్చేటోళ్లు వచ్చిన్రు. వీడేమో మచ్చ సూపెట్టి, 'నాకు పచ్చబొట్టు పెట్టినామె ఉన్నది, మీరు పోండ్రి' అన్నడు. ఎవతో సూద్దామని వచ్చిన!"

ఆమె వెనక రూప్‌సింగ్, వానకు తడిసి ముద్దయి, నేల చూపులు చూస్తున్నాడు.

"ఒక్కటే అడుగుతా, చెప్పు, పోతా," అన్నాడు. "అందరి గాయాలు గీకి గీకి కడుగుతవ్. నా దగ్గర చెయ్యెందుకు ఆగింది?"

"నువ్వు ఏడ్సినవ్ కదా."

"అందరు ఏడుస్తరు."

"నువ్వేడిస్తే సూడలేకపోయిన."

అనేసి నాలుక కరుచుకుంది. వరండాలో వాన చూసేవాళ్లంతా ఇప్పుడు ఇటే చూస్తున్నారు.

ద్వాలి ముఖంలో కోపం ఎటు పోయిందో పోయింది. పచ్చబొట్లున్న తన చెయ్యి చాపి చూపింది. "ఇవి పెట్టినప్పుడు నేను కూడా ఏడ్సిన. పచ్చబొట్టు పెట్టిన చెయ్యిని ఒట్టిగ ఉంచొద్దు బిడ్డా," అంటూ సంచిలోంచి అద్దాలు కుట్టిన రవికగుడ్డ తీసి ఆమె చేతిలో పెట్టింది. "మీ నాయిన ఒప్పుకుంటడా?"

ఆ సాయంత్రం ఎల్లస్వామి రూప్‌సింగ్ కనుబొమ్మ కేసి చాలాసేపు చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"చిన్నప్పటిసంది నా వీపు సూసి ఏడ్సినవ్. ఇప్పుడు గదే మచ్చ ఇంటికి తెచ్చినవా బిడ్డా! రా అల్లుడా, కూసో."

ఇప్పుడు ఇద్దరి తలలూ నెరిశాయి. ఆదివారాలు రూప్‌సింగ్ తలకు సులోచన నూనె పెడుతుంటే, ఆమె బొటనవేలు తనంతట తానే ఆ నీలి గీత మీదికి పోతుంది. రుద్దుతూనే ఉంటుంది. ఆయన కళ్లు మూసుకుని, "చాలు సిస్టరమ్మా," అంటాడు.

ఇప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఆపదు.