మేకుకి వేలాడిన అడ్డుచెక్క

ఆ తేదీ ఎస్సైకి ఇప్పటికీ గుర్తే. నవంబర్ పంతొమ్మిది. ఆ సాయంత్రం ఆయన తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, రెండు అరటిపళ్ళు. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించడం ఆయనకి ఇంకా చేతకావడం లేదు.

7.25కి ఫోన్ మోగింది.

7.40కి మెకానిక్ షెడ్డులో ఉన్నాడు.

షెడ్డు మధ్యలో పికప్ బండి. కొండదారుల కోసం ప్రత్యేకంగా కడుతున్నది. ఇంజను ఒక బండిది, గేర్‌బాక్సు ఇంకో బండిది, వెనక ఇరుసు పాత లారీది. గేర్‌బాక్సునీ ఇరుసునీ కలిపే పొడవాటి షాఫ్టు మాత్రం కొత్తది.

ఆ షాఫ్టు కింద షెడ్డు యజమాని చిన్నమేస్త్రీ వెల్లకిలా పడి ఉన్నాడు. వెనక చక్రం కింది జాకీ ఒరిగిపోయింది. ఇరుసు ఛాతీ మీద దిగింది.

"ఆరున్నరకీ ఏడుకీ మధ్య. క్షణంలో పోయి ఉంటాడు," అన్నాడు డాక్టరు.

క్షణంలో అన్న మాటని ఎస్సై మనసులో దాచుకున్నాడు. ఇంట్లోవాళ్ళకి చెప్పడానికి పనికొస్తుంది.

శవాన్ని మొదట చూసింది బండి సొంతదారు. కొండల్లో తిరిగే సర్వే ఇంజినీరు.

"ఎన్నింటికి వచ్చారు?"

"ఏడూ ఇరవైకి."

"తలుపు?"

"దగ్గరగా వేసుంది. తాళం లేదు."

"ఏమైనా ముట్టుకున్నారా?"

"ఆయన చెయ్యి. అంతే."

షెడ్డు నేల వెనక్కి వాలు. బండి జారకుండా ముందు చక్రం వెనక ఒక అడ్డుచెక్క పెడతారు. ఇప్పుడది చక్రం దగ్గర లేదు. బండి గేరులోనూ లేదు.

హెడ్‌కానిస్టేబుల్ పది నిమిషాలు వెతికాడు. చివరికి స్తంభం వెనక, పాత టార్పాలిన్ చాటున, మేకుకి వేలాడుతూ కనిపించింది.

"ఎవడో కావాలనే లాగేశాడు సార్. ఇది హత్యే."

మర్నాడు పొద్దునకల్లా ఆ ఎవడో దొరికాడు కూడా. చనిపోయినాయన అల్లుడు. ముందురోజు సాయంత్రం 5.50కి షెడ్డులో మామా అల్లుళ్ళ అరుపులు పక్క టైర్ల దుకాణం దాకా వినిపించాయి. ఇవాళ సాయంత్రం ఐదింటికి అతన్ని కోర్టులో హాజరుపరచాలి.

"షెడ్డు అమ్మెయ్యమన్నావా?" అడిగాడు ఎస్సై.

"అన్నాను సార్. మావయ్యకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక్కరే బండి కింద దూరుతుంటే భయమేసి అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"పంక్చర్ పడితే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడివి, నాకు చెప్పొచ్చావా అన్నారు."

"ఎప్పుడు బయల్దేరావు?"

"ఆరింటికి."

"చూసినవాళ్ళు?"

"లేరు సార్."

"ఆ బండికి ఫస్టు గేరు ఎటుంది?"

అల్లుడు అయోమయంగా చూశాడు. "నాది గేర్లు లేని స్కూటర్ సార్."

బయట బెంచీ మీద అతని భార్య కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"నిన్న నాన్న పోయాడు. ఇవాళ ఈయన్ని తీసుకుపోతే నాకంటూ ఎవరు మిగుల్తారు సార్?"

"నాన్నగారితో చివరిసారి ఎప్పుడు మాట్లాడారమ్మా?"

"నిన్నే. ఆరూ పన్నెండు దాకా ఫోన్లో ఉన్నాడు. ఎందుకో హుషారుగా ఉన్నాడు. అమ్మ పోయాక ఆ గొంతు వినలేదు నేను."

"ఇంకెవరూ లేరా మీకు?"

"పెదనాన్న ఉన్నాడు. పెద్దమేస్త్రీ అంటారు. ముప్ఫై ఏళ్ళు ఇద్దరూ ఆ షెడ్డులోనే పనిచేశారు. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఎందుకు పోట్లాడుకున్నారో వాళ్ళిద్దరికైనా గుర్తుందో లేదో."

2.30కి ఎస్సై మళ్ళీ షెడ్డుకి వెళ్ళాడు. బండి ఇప్పుడు ఇనుప స్టాండ్ల మీద కదలకుండా ఉంది. టార్చి పట్టుకుని కిందికి దూరాడు.

షాఫ్టుకి ఆ చివరా ఈ చివరా బోల్టులు. బిగింపు పూర్తయినదాని మీద చిన్నమేస్త్రీ తెల్లరంగుతో గీత పెడతాడు. కొన్నిటికి గీత ఉంది. కొన్నిటికి లేదు. ఎస్సై రెండుసార్లు లెక్కపెట్టాడు.

తర్వాత క్యాబిన్ ఎక్కాడు. సీటు చివరంటా వెనక్కి జరిపి ఉంది. చిన్నమేస్త్రీ పొట్టివాడు.

ఇంజినీరుకి ఫోన్ చేశాడు.

"ఈ బోల్టులు ఎలా బిగిస్తారు?"

"షాఫ్టుని చేత్తో తిప్పి ఒక్కో బోల్టునీ అందేలా తెచ్చుకోవాలి. తిప్పాలంటే గేరు తియ్యాలి. బిగించేటప్పుడు షాఫ్టు తిరక్కుండా గేరు వెయ్యాలి. కింద ఒకరు, పైన ఒకరు."

"ఒక్కడే చేస్తే?"

"బోల్టుకి రెండుసార్లు ఎక్కి దిగాలి. ఆయన మోకాళ్ళతోనా?"

"మామూలు పికప్ షాఫ్టుకి ఎన్ని బోల్టులు?"

ఇంజినీరు చెప్పాడు. ఎస్సై ఫోన్ పెట్టేసి, అందర్నీ నాలుగింటికి షెడ్డుకి రమ్మని కబురు పంపాడు.

సరిగ్గా నాలుగింటికి అందరూ షెడ్డులో ఉన్నారు. అడ్డుచెక్క మళ్ళీ ముందు చక్రం వెనక ఉంది. కూతురు, అల్లుడు, ఇంజినీరు. ఆఖరున పెద్దమేస్త్రీ తల వంచుకుని గుమ్మం దాటాడు. ఆరడుగుల పైన ఉంటాడు.

"పెద్దమేస్త్రీగారూ, చిన్న సాయం. పైన కూర్చుంటారా?"

ఆయన మారుమాట్లాడకుండా ఎక్కాడు. సీటు సర్దుకోవలసిన పని పడలేదు.

ఎస్సై వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"వెయ్."

గేరు పడింది.

"తియ్."

గేరు ఊడింది. షెడ్డులో ఆ రెండు మాటలూ, లీవరు చప్పుడూ తప్ప ఏమీ లేవు. మూడోసారికి ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. ఐదోసారికి పిలుపు రాకముందే చెయ్యి కదులుతోంది.

ఎనిమిదోసారి "తియ్" అన్నాక క్యాబిన్ తలుపు తెరుచుకుంది.

పెద్దమేస్త్రీ తాపీగా దిగాడు. వంగాడు. చక్రం వెనక చెక్క లాగాడు. రెండడుగులు వేసి, అటు చూడకుండానే, టార్పాలిన్ వెనక్కి చెయ్యి పోనిచ్చాడు.

చెయ్యి మేకు మీదే ఆగిపోయింది.

"చంపాలనుకున్నవాడు చెక్కని అవతల పారేస్తాడు," ఎస్సై నెమ్మదిగా అన్నాడు. "దాని చోట దాన్ని తగిలించడు. తెల్లగీతలు ఎనిమిది ఉన్నాయి. మామూలు షాఫ్టుకి అటు నాలుగు, ఇటు నాలుగు. ఎనిమిదితో పని అయిపోయినట్టే. కానీ ఇది లారీ ఇరుసు, దానికి తగ్గట్టు చేయించిన షాఫ్టు. అటు ఆరు, ఇటు ఆరు."

"పన్నెండా?" అన్నాడు పెద్దమేస్త్రీ.

ఎస్సై గీతల్లేని నాలుగు బోల్టుల మీద టార్చి వేశాడు.

"వాడే ఫోన్ చేశాడు. అన్నయ్యా, ఆఖరి పని, పైన కూర్చునేవాళ్ళు లేరు, వస్తావా అన్నాడు. ఆరున్నరకల్లా వచ్చేశాను. తొమ్మిదేళ్ళ మాట ఎత్తలేదు వాడు. నేనూ ఎత్తలేదు. లావయ్యావే, సీటు విరిగేను అన్నాడు."

"కిందికి చూడలేదా?"

"ముప్ఫై ఏళ్ళు చూళ్ళేదు బాబూ. నేను దిగేసరికి వాడు బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ ఉండేవాడు. చెక్క తగిలించాను. వెనక చప్పుడైంది. నాడి చూశాను. లేదు. చెబుదామని స్టేషన్ మెట్ల దాకా వచ్చాను. పగపట్టి చంపాడంటారని భయపడి వెనక్కి తిరిగాను. అల్లుణ్ణి పట్టుకున్నారని మీరు పిలిచేదాకా తెలీదు."

ఆయన రెండు చేతులూ ముందుకు చాచాడు. ఎస్సై వాటిని మెల్లగా కిందికి దించాడు.

"హత్య అని రాయను. అజాగ్రత్త అని రాస్తాను. తర్వాత కోర్టు చూసుకుంటుంది."

ఎస్సై అల్లుడి వైపు తిరిగాడు. "నువ్వు ఇంటికెళ్ళు. ఐదింటికి కోర్టులో నేను చెప్పుకుంటాను."

కూతురు పెదనాన్న దగ్గరికి వచ్చింది.

"నిన్న నాన్న గొంతు అలా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది," అంది. "నువ్వొస్తున్నావని."



ఎస్సై కోర్టు నుంచి తిరిగొచ్చేసరికి ఆరైంది. కూతురూ అల్లుడూ, ఇంజినీరూ వెళ్ళిపోయారు. స్టాండ్ల మీది బండి దగ్గర పెద్దమేస్త్రీ, కానిస్టేబులు ఉన్నారు.

"బాబూ, ఫోటోలూ పంచనామా అయిపోయాయిగా? ఆ నాలుగూ బిగించనా? వాడు సగంలో వదిలే మనిషి కాదు."

ఇంట్లో తన కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. ఎస్సై క్యాబిన్ ఎక్కి కూర్చున్నాడు.

"వెయ్," కింద నుంచి గొంతు.

వేశాడు.

"తియ్."

తొమ్మిది. పది. పదకొండు. పన్నెండు. ఎస్సై పైకే లెక్కపెట్టాడు. దిగాక వంగి కిందికి చూశాడు. ముసలాయన ఆఖరి తెల్లగీత పెడుతున్నాడు. బయటికొచ్చి లేచి నిలబడేదాకా ఎస్సై కదల్లేదు.

పెద్దమేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు. దీపం ఆర్పాడు. తమ్ముడు లోపల నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా షెడ్డు తలుపు మూశాడు.